ముంజేతి త్రిప్పు - పాదపు వాలు

చేయి యనగానే మనకు వ్రేళ్లు స్ఫురించును. కాలు అనగానే నడక స్ఫురించును. వ్రేళ్లు ముడుచుట, మోచేయి వంచుట, మోకాలు చాచుట మొదలైన కదలికలు కంటికి తేటగా కనబడునట్టివి. వీనికి తోడు మఱియొక కదలిక మన యవయవములలో ప్రొద్దున లేచినది మొదలు రాత్రి పండుకొనువఱకు జరుగుచునే యుండును. అది తిరుగుట. అరచేయి పైకి తిరుగును, క్రిందికి తిరుగును. అరికాలు లోపలి యంచుమీదికి వాలును, వెలుపలి యంచుమీదికి వాలును. గృహకృత్యములలో ఈ తిరుగుడు లేనిది మిక్కిలి యరుదు. అయినను దీనిని గూర్చి మన మాలోచించుట తక్కువ. ఆలోచింపమివలన కలుగు బాధ పెద్దలకంటె పసిబిడ్డలకే యెక్కువ. కావున సోదరీమణులకు ఈ విషయమును గూర్చి నాలుగు మాటలు విన్నవింప దలచితిని.

భోజనమునకు కూర్చున్నప్పుడు మీ కుడిచేతిని గమనింపుడు. అన్నము కలుపునప్పుడు అరచేయి విస్తరివైపు చూచుచుండును. ముద్ద నోటికడకు గొనిపోవునప్పుడు మోచేయి వంగుటయే గాక, ముంజేయి మెల్లగా తిరిగి అరచేయి మొగమువైపునకు వచ్చును. తాళము తీయుట, చెంబుతో నీరు వంచుట, గరిటెతో వడ్డించుట, అట్టు తిరుగవేయుట, జడ యల్లుట - అన్నింటను ఇదియే పని. తడిబట్ట పిండుటలో ఒక వింత కలదు. బట్ట రెండు కొసలను ఎదురెదురుగా పట్టి పిండునప్పుడు ఒక ముంజేయి లోనికి తిరుగుచుండగా రెండవది వెలికి తిరుగుచుండును. రెండును ఒకే తీరున తిరిగినచో బట్టనుండి చుక్క నీరు రాలదు.

ఈ స్థితులకు మన పూర్వులు చక్కని పేళ్లు పెట్టియున్నారు. భరతుని నాట్యశాస్త్రమున హస్తప్రచారము మూడు విధములుగా చెప్పబడినది: ఉత్తానము, పార్శ్వగము, అధోముఖము. అరచేయి ఆకాశమును చూచిన ఉత్తానము. ప్రక్కకు చూచిన పార్శ్వగము. నేలను చూచిన అధోముఖము. చూపుడువ్రేలు మొదలుకొని గాని, చిటికెనవ్రేలు మొదలుకొని గాని, వ్రేళ్లు లోనికి వెలికి త్రిప్పబడు తీరు ననుసరించి ఆవేష్టితము, ఉద్వేష్టితము, వ్యావర్తితము, పరివర్తితము అను నాలుగు కరణములను గూడ ఆ శాస్త్రము చెప్పుచున్నది. నేటి వైద్యులు ముంజేతి త్రిప్పును కొలుచునప్పుడు బొటనవ్రేలు పైకి నిలిచిన స్థితిని సున్నగా గైకొందురు. అది మన పార్శ్వగమే. శిల్పములలోని అభయహస్తమును వరదహస్తమును తలచుకొనుడు. రెండింటను అరచేయి చూచువారివైపే యుండును. కాని ఎత్తిన అభయహస్తమున ముంజేయి అధోముఖమునకు వలె లోనికి తిరిగియుండును. వ్రేలాడు వరదహస్తమున ఉత్తానమునకు వలె వెలికి తిరిగియుండును. అద్దమునెదుట నిలిచి రెండును పట్టి చూచిన ఈ భేదము తెలియగలదు.

ఈ తిరుగుడు ఎక్కడ జరుగుచున్నది? మోచేతిని నడుమునకు ఆనించి, చేయి నేలకు సమముగా ముందునకు వచ్చునట్లు వంచి, బొటనవ్రేలు పైకి నిలుపుడు. ఇప్పుడు అరచేతిని పైకి త్రిప్పుడు. పిదప క్రిందికి త్రిప్పుడు. ఒక్కొక్క వైపునకు సుమారు 80 డిగ్రీలు, కొందఱికి మఱికొంత, తిరుగును. నిత్యకృత్యములలో పెక్కింటికి ఇటు 50, అటు 50 డిగ్రీలు చాలునని 1981లో ప్రకటితమైన యొక పరిశోధనమున కొలచి చూపిరి. మోచేతిని నడుమునుండి ఎడబాపి చేయి చాచి త్రిప్పినచో ఇంతకంటె నెక్కువ తిరిగినట్లు తోచును. ఆ యెక్కువ భుజము చేసిన సాయము.

మోచేయి మొదలు మణికట్టువఱకు రెండెముకలు కలవు. బొటనవ్రేలివైపు దానిని రత్ని యనియు, చిటికెనవ్రేలివైపు దానిని అరత్ని యనియు తెలుగు శాస్త్రగ్రంథములు వ్యవహరించుచున్నవి. అమరకోశము వల్లించిన సోదరీమణులకు ఈ మాటలు క్రొత్తవి కావు. పిడికిలి మూసి కొలచిన మూర రత్ని. చిటికెనవ్రేలు చాచి కొలచిన మూర అరత్ని. ముంజేయి తిరుగునప్పుడు అరత్ని దాదాపు నిలుకడగా నుండును. రత్ని దానిచుట్టు తిరుగును. అరచేయి పైకి చూచునప్పుడు రెండెముకలు ప్రక్కప్రక్కన సమముగా నుండును. అరచేయి నేల చూచునప్పుడు రత్ని వచ్చి అరత్నిమీద అడ్డముగా వ్రాలును. ఎడమచేతితో కుడి మోచేతి మొనను పట్టుకొని అరచేతిని త్రిప్పి చూడుడు. మొన కదలదు, ఏలన అది అరత్నిది. మణికట్టుకడ బొటనవ్రేలివైపు పట్టి చూచినచో ఎముక మన వ్రేళ్లక్రింద దొరలుట తెలియును.

రత్ని యొక్క పైకొన గుండ్రముగా మేకుతలవలె నుండును. ఒక సంధిబంధము ఉంగరమువలె దానిని చుట్టి అరత్నికి కట్టియుంచుచున్నది. ఉంగరము కదలకుండ వ్రేలు మాత్రము దానిలో తిరిగినచో ఎట్లుండునో, ఆ యెముక అట్లు తిరుగుచుండును. ఈ యుంగరమును జ్ఞాపకముంచుకొన వలెను. బిడ్డలకు వచ్చు కీడు ఇక్కడనే యున్నది. దానికి పూర్వము పెద్దల చేతులను గూర్చి ఒక మాట.

జబ్బమీద ఉబ్బు పెద్దకండ చేయి వంచుటకే యని మన మనుకొందుము. అరచేతిని పైకి త్రిప్పుటలోను దానికి పెద్ద పాలు కలదు. మోచేయి వంచియున్నప్పుడు ఆ బలము హెచ్చు. కుడిచేతితో మరమేకు బిగించుట వెలికి త్రిప్పుట. విప్పుట లోనికి త్రిప్పుట. కావుననే బిగించినంత సులువుగా విప్పలేము. ఎడమచేతికి ఇది తలక్రిందు. ఊరుగాయసీసా మూత కుడిచేతికి రానప్పుడు సీసాను కుడిచేత పట్టి, మోచేయి వంచి, మూతను ఎడమచేత త్రిప్పి చూడవచ్చును.

ఒకే త్రిప్పును గంటలకొలది చేసినచో మోచేతి వెలుపలివైపున నొప్పి పుట్టును. దానికి టెన్నిసు మోచేయి యని పేరు. పేరు ఆటదైనను ఆ నొప్పితో వైద్యునికడకు వచ్చువారిలో హెచ్చుమంది ఆ యాట ఆడినవారు కారు. బట్టలు పిండుట, అరచేయి క్రిందికి చూచుచుండగా బరువైన గిన్నె లేవనెత్తుట ఆ నొప్పిని హెచ్చించును. గిన్నెను అరచేయి పైకి చూచునట్లు, మోచేయి నడుమునకు దగ్గఱగా నుంచి యెత్తుట మేలు. పెద్ద దుప్పట్లు ఒక్కరే మెలిద్రిప్పక, ఇరువురు చెఱియొక కొస పట్టుకొనుటయో, నీరు కారునట్లు ఊరక వ్రేలాడవేయుటయో మంచిది. కొన్ని వారములైనను తగ్గనిచో వైద్యునికి చూపవలెను. ఇంటిపని చేయు చేతికి నొప్పి సహజమేయని ఊరకుండుట మనకు అలవాటు. ఆ యలవాటు మానదగినది.

ఇక పసిబిడ్డల సంగతి. రెండు మూడేండ్ల బిడ్డను చేయిపట్టి నడిపించుచుందుము. బిడ్డ వీథిలో మారాము చేసి కూలబడును. మనము చటుక్కున చేయి లాగుదుము. లేదా ఇరువురు పెద్దలు చెఱియొక చేయి పట్టి బిడ్డను ఉయ్యాల యూపుదురు. అరచేయి క్రిందికి తిరిగి, మోచేయి చాచియున్న యా క్షణమున లాగినచో, ఇందాక చెప్పిన యుంగరము రత్ని తలమీదనుండి జారి సందులో చిక్కుకొనును. అయిదేండ్లలోపు బిడ్డలలో ఆ బంధము ఇంకను మెత్తన గనుక ఇది తఱచుగా సంభవించును. పెద్దలలో కుడిచేతివాటము వారే యెక్కువ. వారి కుడిచేతికి అందునది బిడ్డ ఎడమచేయి. కావున ఈ బాధ ఎడమచేతికే హెచ్చుగా వచ్చును.

దీని గుఱుతులు తెలిసికొన వలెను. బిడ్డ కెవ్వున నేడ్చును. పిదప ఏడ్పు తగ్గినను ఆ చేతిని వాడదు. మోచేయి కొంచెము వంచి, అరచేయి లోనికి త్రిప్పి, ప్రక్కను వ్రేలాడవేసికొని యుండును. సాధారణముగ వాపుండదు, కమిలియుండదు. బొమ్మ చూపినను రెండవ చేతితోనే అందుకొనును. అట్టి బిడ్డను వెంటనే వైద్యునికడకు గొనిపోవలెను. ఎఱిగినవారు ముంజేతిని ఒక క్రమముగా త్రిప్పినచో ఉంగరము తన చోటికి చేరును. తఱచు కొన్ని నిమిషములలోనే బిడ్డ ఆ చేతితో ఆడుకొనసాగును. దీనిని చూచి, త్రిప్పుటయే కదా, మనమే త్రిప్పుదమని యెవరును పూనరాదు. బిడ్డ పడియున్నచో, వాపున్నచో అది విఱిగిన యెముక కావచ్చును. విఱిగిన దానిని త్రిప్పినచో చేటు. నూనెపెట్టి తోముటయు తగదు. రాకుండ చేసికొనుట మన చేతిలోనిది. బిడ్డను ఎత్తవలసినప్పుడు చంకలక్రింద రెండు చేతులు వేసి యెత్తవలెను. ఇంటికి వచ్చు చుట్టములకును, ఎత్తుకొను అన్నదమ్ములకును ఈ మాట ముందుగానే చెప్పియుంచుట మంచిది.

చేతి త్రిప్పు వంటిదే పాదమునకును కలదు. కుడిచేతిని చిటికెనవ్రేలి యంచుమీద బల్లపై నిలిపి, మెల్లగా బొటనవ్రేలివైపునకు వాల్చుడు. నడకలో పాదము చేయు పని దాదాపు ఇట్టిదే. మడమ యెముకకును దానిపైనున్న చీలమండ యెముకకును నడుమనున్న కీలు దీనికి ముఖ్యస్థానము. అడుగు వేయునప్పుడు మడమ వెలుపలి యంచు మొదట నేలను తాకును. అందుచేతనే చెప్పుల మడమ వెలుపలివైపు కొంచెము ముందుగా అరుగును. తాకినవెంటనే పాదము లోపలి యంచువైపునకు వాలును. అరికాలి వంపు కొంచెము దిగును. పాదము వదులై రాతికి, ఇసుకకు, గట్టునకు తగినట్లు తన్ను అమర్చుకొనును. అడుగుదెబ్బ మోకాలికి, నడుమునకు ఎక్కకుండ మ్రింగును. పిదప మడమ లేచునప్పటికి పాదము మఱల వెలుపలికి తిరిగి, వంపు లేచి, గట్టి కఱ్ఱవలె బిగిసి, బొటనవ్రేలితో నేలను వెనుకకు నెట్టును. 26 ఎముకలుగల పాదము ఒక్క యడుగులోనే మెత్తనిదియు, మఱుక్షణమున గట్టిదియు నగుట ఈ వాలు వలననే. నిలుచున్న వారి కాలి బొటనవ్రేలిని మీ చేతితో పైకెత్తి చూడుడు. అరికాలి వంపు తనంత తాను లేచును.

స్నానము చేసి వచ్చినవారి తడిపాదము గచ్చుమీద పడినప్పుడు ఆ గుఱుతు చూచుట ఒక సులభపరీక్ష. నడుమ లోపలివైపు ఖాళీ యున్నచో వంపు కలదు. అరికాలంతయు అచ్చుపడినచో వంపు తక్కువ. పసిబిడ్డల పాదములన్నియు చదునుగనే యుండును. ఆఱేడేండ్లు వచ్చువఱకు వంపు క్రమముగా ఏర్పడును గనుక తల్లులు బెంగపడ నక్కఱలేదు. మునివ్రేళ్లమీద నిలిచినప్పుడు వంపు కనబడి, నొప్పి లేనిచో, చదును పాదమైనను అది వ్యాధి కాదు. నొప్పియు బిగువును ఉన్నచో, ఒక పాదము మాత్రమే మాఱుచున్నచో, చూపింపవలెను. దక్షిణభారతమున 4 మొదలు 13 ఏండ్లవఱకు గల 2,300 మంది పిల్లలను పరిశీలించి 1992లో ఇరువురు వైద్యులు ప్రకటించిన వ్యాసమున, చెప్పులు బూట్లు తొడుగు పిల్లలలో నూటికి 8.6 మందికిని, వట్టికాళ్లతో తిరుగు పిల్లలలో నూటికి 2.8 మందికిని చదును పాదములున్నట్లు తేలినది. వ్రేళ్లు కప్పివేయు బూట్లు తొడిగినవారిలో ఇది మఱింత యెక్కువ. ముల్లు, గాజుపెంకు లేని యింటిలోను వాకిటిలోను బిడ్డలను వట్టికాళ్లతో ఆడనిచ్చుట మంచిదని దీనివలన తోచుచున్నది.

ఇంతవఱకు చెప్పినది సహజమైన వాలు. పుట్టుకతోనే పాదము లోపలికి, క్రిందికి తిరిగి, అరికాలు రెండవ కాలిని చూచుచు బిగిసియుండుట మఱియొకటి. దీనిని వంకరపాదమందుము. వేయి జననములకు ఒకటి రెండు ఇట్లుండును. ఆడపిల్లలకంటె మగపిల్లలలో దాదాపు రెట్టింపు. ఇందులో తల్లి దోషము లేశమును లేదు. ఆమె గ్రహణమునాడు బయటికి వచ్చుటవలన గాని, ఏదియో తినుటవలన గాని, కాళ్లు ముడుచుకొని పండుకొనుటవలన గాని ఇది రాదు.

మా బంధువులలో నొక చిన్నదానికి తొలిచూలు బిడ్డ రెండు పాదములును ఇట్లు తిరిగి పుట్టెను. "నలుగుపెట్టి రోజూ సాగదీసిన అదియే సర్దుకొనును" అని అత్తగారు చెప్పిరి. చుట్టములు చూతురేమోయని బిడ్డ కాళ్లను గుడ్డలో చుట్టి దాచిరి. రెండు నెలలు గడచినవి. ఇంటికి వచ్చిన యొక నర్సు చూచి, ఆస్పత్రికి పొమ్మని గట్టిగా చెప్పినది. అక్కడ వారమువారము ఆఱు కట్లు కట్టిరి, పాదములు చక్కబడినవి. పిదప రాత్రులు తొడుగవలసిన జోళ్లకు బిడ్డ యేడ్చుచుండగా చూడలేక అవ్వగారు జాలితో విప్పివేయుచుండిరి. నాలుగు నెలలకు ఒక పాదము మఱల తిరుగసాగెను. మఱల కట్లు, మఱల జోళ్లు. ఈసారి జోళ్లకు కాపలా కూర్చున్నది ఆ యవ్వగారే. ఆ బాలుడిప్పుడు మా వారి పాఠశాలలో రెండవ తరగతి చదువుచు, అందఱితోపాటు పరుగెత్తుచున్నాడు.

ఈ చికిత్సకు మూలపురుషుడు ఇగ్నాసియో పోన్సేటి. ఆయన 1914లో స్పెయినుదేశపు మినోర్కా ద్వీపమున జనించి, అంతర్యుద్ధానంతరము దేశము విడిచి, అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున పనిచేసి, 2009లో గతించెను. ఆయనకు పూర్వము వైద్యులు తిరిగిన పాదమును ఎదురుదిక్కునకు బలాత్కారముగా మెలిద్రిప్పజూచిరి. లేదా పెద్ద శస్త్రచికిత్స చేసిరి. పోన్సేటి పాదపు కీళ్లు తిరుగు తీరును శ్రద్ధగా పరిశీలించి, అట్లు మెలిపెట్టుటయే తప్పని గ్రహించెను. చీలమండ యెముక తలను బొటనవ్రేలితో నిలిపి, తక్కిన పాదమంతయు దాని క్రిందుగా వెలుపలికి కొంచెము కొంచెముగా జరుపవలెను. అప్పుడు మడమ తనంత తాను వెంటవచ్చును. వారమునకొక ప్లాస్టరు కట్టు చొప్పున అయిదాఱు కట్లు చాలును. పెక్కుమందికి చివర మడమ నరమును చిన్న గాటుతో సడలించి మూడు వారములు తుదికట్టు కట్టుదురు. బిడ్డ పుట్టిన మొదటి వారములలోనే మొదలిడుట శ్రేష్ఠము. ఇంటిలో నూనెతో మెలిద్రిప్పుట దీనికి ప్రతి కానేరదు.

కట్లు విప్పినతోడనే పని ముగియదు. ఒక కడ్డీకి బిగించిన జోళ్లను మొదట మూడు నెలలు దినమునకు 23 గంటలును, పిదప నాలుగేండ్లు వచ్చువఱకు నిద్రవేళలందును తొడుగవలెను. దీనిని మానుటయే పాదము మఱల తిరుగుటకు ముఖ్యకారణము. వైద్యుడు చేయు పని కొన్ని వారములది. తల్లియు అవ్వయు చేయు పని నాలుగేండ్లది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున బిడ్డలలో కనిపెట్టి చికిత్స చేయింపవలసిన జన్మలోపములలో వంకరపాదమును చేర్చియున్నారు. కావున ధనము లేదను బెంగతో బిడ్డను ఇంట నుంచుకొన నక్కఱలేదు.

సోదరీమణులారా, మీ యింట గాని, పొరుగింట గాని శిశువు పుట్టినదని విన్నప్పుడు పురిటిస్నానమునాడే పాదములు రెండును విప్పి చూడుడు. చేతితో మెల్లగా అదిమినను చక్కబడక బిగిసియున్నచో బాలింతను ఒక్క మాటయైన అనక, ఆ వారముననే ఆస్పత్రికి పంపుడు. నడక నేర్చిన బిడ్డను చేయిపట్టి లాగక చంకలు పట్టి యెత్తుడు. జోళ్లు తొడిగిన రాత్రి బిడ్డ యేడ్చినచో ఒడిలోనికి తీసికొని లాలింపుడు. జోళ్లను మాత్రము విప్పకుడు.